బావమరిది చేసిన రీబ్రీదర్ వేసుకుని గుహలోకి దిగాలా?

ప్రశ్న: నాది కొండాపూర్, ఐటీ ఉద్యోగం. కొన్నేళ్ల కింద మెక్సికోలో గుహ డైవింగ్ కోర్సు చేశాను, మామూలు సిలిండర్లతోనే. మా ఆవిడ తమ్ముడు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, పనితనం ఉన్నవాడు. వాడు కంపెనీ రీబ్రీదర్ (వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ అందించే పరికరం) మీద కోర్సు చేసి వచ్చాడు కానీ కొనాలంటే లక్షలతో పని. అందుకని ఏడాదిన్నర కూర్చుని సొంతంగా ఒకటి తయారు చేశాడు. డబ్బా త్రీడీ ప్రింటింగ్, బోర్డు సొంత డిజైన్, ఆక్సిజన్ సెన్సర్లు బయటి దేశం నుంచి తెప్పించాడు, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసే సోడా లైమ్ గుళికలు తెలిసినవాళ్ల హాస్పిటల్ నుంచి తెచ్చాడు. వాళ్ల అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో గంటలు గంటలు టెస్ట్ చేశాడు, ఏ సమస్యా రాలేదట. ఫిబ్రవరిలో ఇద్దరం మెక్సికోలోని తులుం గుహలకి వెళ్తున్నాం, టికెట్లు కూడా అయిపోయాయి. పోయిన నెల వాళ్లింటికి వెళ్తే "బావా, నీ కోసం ఇంకోటి చేశా" అని అచ్చం అలాంటిదే నా చేతిలో పెట్టాడు. వాడటం తనే నేర్పిస్తాడట. నాకు భయంగా ఉంది. వద్దంటే "నా మీద నమ్మకం లేదా బావా" అంటాడు. అది సేఫేనా? కాకపోతే ఎలా చెప్పాలి? మా ఆవిడకి ఈ సంగతి ఇంకా తెలీదు, చెప్పాలా?

జవాబు: వేసుకోకండి. ఫిబ్రవరిలో వద్దు, గుహలో అసలే వద్దు. మీకు రీబ్రీదర్ కోర్సే లేదు, అది తయారు చేసినవాడే నేర్పిస్తాడంటున్నారు, ఆ ఒక్క కారణం చాలు. కానీ ఇంతటితో ఆపేస్తే మీ బావమరిది "సరే బావా, కోర్సు చేసి రా, అప్పుడు వేసుకుందువు" అంటాడు, మీరు మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు. అందుకని కొంచెం వివరంగానే చెప్తాను.

ముందుగా, అతన్ని తిట్టడానికి నేను ఇది రాయట్లేదు. గుహ డైవింగ్‌లో ఇవాళ మనం వాడే సామానులో చాలా భాగం ఇలాంటివాళ్లు ఇంటి వెనక షెడ్డులో చేసుకున్నదే. సిలిండర్లను వీపు మీద నుంచి తీసి పక్కటెముకల పక్కన కట్టుకునే పద్ధతి బ్రిటన్‌లో ఇరుకు గుహల్లో దూరేవాళ్లు, తర్వాత ఫ్లోరిడావాళ్లు కుట్టుకుని, కత్తిరించుకుని, మళ్లీ కుట్టుకుని తయారు చేసుకున్నదే, కంపెనీలు ఆ తర్వాత వచ్చాయి. దారి తాడు చుట్టుకునే రీళ్లు, లైట్లు, అన్నీ అంతే. బిల్ స్టోన్ అనే ఇంజినీరు 1987లో ఫ్లోరిడాలోని వకుల్లా స్ప్రింగ్స్‌లో తను డిజైన్ చేసిన రీబ్రీదర్‌తో ఏకంగా 24 గంటలు నీళ్లలో ఉన్నాడు. కాబట్టి "సొంతంగా చేసింది కాబట్టి చెత్త" అని మీరు గానీ నేను గానీ అంటే అతను నవ్వుతాడు, నవ్వాలి కూడా.

నేను తేడా చూసేది వేరే చోట. చెడిపోతే మనకు తెలిసే వస్తువు ఒకటి, చెడిపోయినా తెలియని వస్తువు ఇంకొకటి. లైట్ ఆరిపోతే చీకటి పడుతుంది, రెండో లైట్ వెలిగిస్తాం. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ పాడైతే బుసబుసమని గాలి పోతుంది, లేదా గాలి రావడం ఆగిపోతుంది, ఏదైనా ఆ క్షణమే తెలుస్తుంది. జాకెట్ కుట్టు ఊడితే పక్కకు ఒరుగుతాం. ఇలాంటివాటి మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు, నేనూ చేస్తాను. రీబ్రీదర్ రెండో రకం. వంటగ్యాస్‌కి అసలు వాసనే ఉండదు, లీకైతే మనకు తెలియాలని కంపెనీవాళ్లు కావాలని వాసన కలుపుతారు కదా. ఊపిరి తిరిగే ఈ లూప్‌లో అలా వాసన కలిపేవాడు ఎవడూ లేడు.

అందులో జరిగేది మీకు తెలుసు గానీ, భయం ఎక్కడ మొదలవ్వాలో చూపించడానికి చెప్తున్నాను. వదిలిన ఊపిరి సోడా లైమ్ గుళికల మధ్య నుంచి వెళ్తుంది, అక్కడ కార్బన్ డయాక్సైడ్ పోతుంది, మీరు వాడేసిన ఆక్సిజన్‌ని ఎలక్ట్రానిక్స్ చిన్న వాల్వ్ తెరిచి నింపుతుంది, ఆ ఊపిరే మళ్లీ మీకు వస్తుంది. ఆ వాల్వ్ బిగుసుకుపోయి ఆక్సిజన్ రావడం ఆగిందనుకోండి. ఊపిరాడనట్టు ఉంటుందేమో అనుకుంటాం. ఉండదు. మనకు ఊపిరి కోసం తహతహ పుట్టించేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్, దాన్ని సోడా లైమ్ ఎప్పటికప్పుడు తీసేస్తూనే ఉంది. హాయిగా, ఏ టెన్షనూ లేకుండా ఈదుతూ ఈదుతూ స్పృహ పోతుంది. అదే వాల్వ్ తెరుచుకుని ఉండిపోతే ఆక్సిజన్ పెరుగుతుంది, దాని పీడనం 1.6 బార్ (సముద్రమట్టం దగ్గర మామూలు గాలి పీడనం సుమారు 1 బార్) దాటిందంటే ఏ క్షణమైనా మూర్ఛ రావచ్చు, నీళ్లలో మూర్ఛ అంటే నోట్లోంచి మౌత్‌పీస్ జారిపోవడం, అంతే సంగతులు. ముందస్తు సూచనలు వస్తే వస్తాయి, రాకపోతే లేదు.

మూడోది కార్బన్ డయాక్సైడ్ పెరగడం. "అదైతే తెలుస్తుంది కదా, తలనొప్పి, ఆయాసం" అని మీ బావమరిది అంటాడు, అందరూ అంటారు. 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో డైవర్లకు రీబ్రీదర్ ఇచ్చి ఒడ్డునే 5 నిమిషాలు ఊపిరి పీల్చమన్నారు. కొన్నిసార్లు లోపల సోడా లైమ్ బాగానే ఉంది, కొన్నిసార్లు సగం పనిచేస్తోంది, కొన్నిసార్లు అసలు లేనే లేదు, ఏది ఎప్పుడో వాళ్లకు చెప్పలేదు. సోడా లైమ్ మొత్తం తీసేసినప్పుడు కూడా కొందరు ఏమీ పట్టుకోలేక 5 నిమిషాలూ పూర్తి చేశారు, సగం పనిచేసినప్పుడైతే దాదాపు ఎవరూ పట్టుకోలేదు. ఒడ్డున కుర్చీలో కూర్చుని, పట్టుకోవాలనే ఉద్దేశంతో చూస్తుంటేనే ఇలా ఉంది.

ఇక ఆ సోడా లైమ్ సంగతి. హాస్పిటల్ నుంచి తెచ్చాడని చదివి నేను కాసేపు ఆగిపోయాను. మత్తుమందు యంత్రాల్లో వాడేదీ ఇదే పదార్థం, నిజమే. కానీ వాటి గుళికలు పెద్దవి, సుమారు 2.5 నుంచి 5 మిల్లీమీటర్లు. డైవింగ్‌లో ఎక్కువగా వాడే గ్రేడ్ 1 నుంచి 2.5 మిల్లీమీటర్లు. గుళిక చిన్నదైతే అదే డబ్బాలో గ్యాస్‌కి తగిలే ఉపరితలం ఎక్కువ, పెద్దదైతే తక్కువ, సందులు పెద్దవి, గ్యాస్ శుభ్రం కాకుండానే జారిపోయే దారులు ఎక్కువ. ఆపరేషన్ థియేటర్‌లో పేషెంటు కదలకుండా పడుకుని ఉంటాడు, గది పీడనమే, పక్కన మానిటర్ ప్రతి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతో గీత గీసి చూపిస్తూ ఉంటుంది, ఆ మానిటర్ ముందు ఒక డాక్టర్ కూర్చుని ఉంటాడు. గుహలో ప్రవాహానికి ఎదురు ఈదే మనిషికి ఇవేవీ లేవు. ఇంకోటి, హాస్పిటల్ సోడా లైమ్ వాడేకొద్దీ ఊదారంగులోకి మారుతుంది, కాసేపు పక్కన పెడితే ఆ రంగు మళ్లీ వెనక్కి వెళ్లిపోతుంది కానీ శక్తి తిరిగి రాదు. "రంగు చూసి మారుస్తున్నా బావా" అంటే అక్కడే ఆపండి.

"పూల్‌లో గంటలు గంటలు టెస్ట్ చేశాడు, ఏ సమస్యా రాలేదు" అన్నారు. నేను అతన్ని చెడ్డవాణ్ని చేయట్లేదు, లెక్క చూద్దాం. అపార్ట్‌మెంట్ పూల్ లోతు ఒకటిన్నర మీటర్ అనుకుందాం. అక్కడ లూప్ మొత్తం స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో నిండినా దాని పీడనం 1.15 బార్ దాటదు. గుహలో అతను నడపబోయేది 1.2 లేదా 1.3 దగ్గర. అంటే ఆ సెన్సర్లు అసలు పనిచేయాల్సిన రేంజ్‌లో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పనిచేయలేదు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే పాతబడిన ఆక్సిజన్ సెన్సర్ సరిగ్గా అక్కడే మోసం చేస్తుంది. కింద రేంజ్‌లో బాగానే చూపిస్తుంది, పైకి వెళ్లేసరికి ఇక పెరగలేక 1.2 దగ్గర ఇరుక్కుపోతుంది, బోర్డు దాన్ని నమ్మి "ఇంకా 1.3 రాలేదు" అనుకుని ఆక్సిజన్ పోస్తూనే ఉంటుంది. నిజానికి లోపల 1.6 అయిపోయి ఉండచ్చు. మూడు సెన్సర్లున్నాయి, రెండు చెప్పిందే వింటుంది అంటాడు. మూడూ ఒకే పార్సెల్‌లో వచ్చినవి, ఒకే రోజు తెరిచినవి, ఒకే తేమలో ఉన్నవి. రెండు కలిసి ముసలివైతే, బాగున్న మూడోదాన్ని ఓడించేది అవే.

సెన్సర్ చూపించే అంకెని తెలిసిన గ్యాస్‌తో సరిచూసి సెట్ చేయడాన్ని క్యాలిబ్రేట్ చేయడం అంటారు. దాని గురించి అతన్ని ఒక్క ప్రశ్న అడగండి, సరదాగానే, టీ తాగుతూ. "సెన్సర్లు ఎక్కడ క్యాలిబ్రేట్ చేశావు, బోర్డులో వాతావరణ పీడనం ఎంతని రాశావు?" హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ గాలి పీడనం సుమారు 0.95 బార్. కోడ్‌లో 1.0 అని రాసి ఇక్కడే స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో క్యాలిబ్రేట్ చేస్తే, తులుంలో స్క్రీన్ మీద 1.30 కనిపించినప్పుడు లోపల ఉండేది 1.23 చిల్లర. దీనివల్ల మనిషి పోడు, పైకొచ్చేటప్పుడు ఆగాల్సిన సమయాల లెక్క కొంచెం తప్పుతుంది. కానీ అతను టక్కున "పీడనం సెన్సర్ పెట్టాను బావా, దాన్ని బట్టే లెక్కేస్తుంది" అంటే ఒక రకం మనిషి, "అబ్బా, అంత చిన్న తేడా ఏం చేస్తుంది" అంటే ఇంకో రకం. నాకు ఆ చిన్న తేడా కన్నా ఆ జవాబు ముఖ్యం.

కంపెనీలు ఏం చేస్తాయో కూడా అతనికి తెలిసే ఉంటుంది. యూరప్‌లో రీబ్రీదర్లకు ఈఎన్ 14143 అనే ప్రమాణం ఉంది. మనిషికి బదులు ఊపిరితిత్తుల్లా పనిచేసే యంత్రాన్ని తగిలించి, 40 మీటర్ల లోతు పీడనంలో, 4 డిగ్రీల చల్లటి నీళ్లలో, నిమిషానికి 40 లీటర్ల ఊపిరి, 1.6 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పంపిస్తూ సోడా లైమ్ ఎప్పుడు చేతులెత్తేస్తుందో కొలుస్తారు. మనిషి "బాగానే ఉంది" అనడం అక్కడ లెక్కలోకి రాదు. ఇన్ని పరీక్షలు అయ్యాక కూడా కథ ఎలా ఉందంటే, 1998 నుంచి 2010 వరకు ప్రపంచవ్యాప్తంగా రీబ్రీదర్ డైవర్ల మరణాలు 181 నమోదయ్యాయి, మామూలు సిలిండర్లతో సరదా డైవింగ్ చేసేవాళ్లతో పోలిస్తే ప్రమాదం సుమారు 10 రెట్లు అని ఆ లెక్కలు చూసినవాళ్లు అంచనా వేశారు. పేరున్న కంపెనీల యూనిట్లూ అందులో ఉన్నాయి. త్రీడీ ప్రింట్ డబ్బా పొరల మధ్య నుంచి నీళ్లు ఊరి సోడా లైమ్‌లో కలిస్తే నోట్లోకి కాస్టిక్ ద్రవం వస్తుంది, గొంతు కాలుతుంది, అది వేరే కథ, దాని జోలికి ఇప్పుడు పోను.

ఇదంతా సముద్రంలో అయితే ఒక దారి ఉంది. అనుమానం రాగానే మామూలు సిలిండర్ రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నెమ్మదిగా పైకి వచ్చేయచ్చు. గుహలో "పైకి" అనేదే లేదు, వచ్చిన దారినే ఈదుకుంటూ వెనక్కి రావాలి. అక్కడ లెక్క ఎలా మారుతుందో చూడండి. 15 మీటర్ల లోతులో ఉన్నారనుకుందాం, పీడనం 2.5 బార్. మామూలు అల్యూమినియం సిలిండర్‌లో దాదాపు 2,200 లీటర్ల గాలి. ప్రశాంతంగా నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 50 లీటర్లు ఖర్చు, సిలిండర్ 44 నిమిషాలు వస్తుంది. కానీ కార్బన్ డయాక్సైడ్ తలకెక్కి రొప్పుతున్న మనిషి 40 లీటర్లు పీలుస్తాడు, ఇంకా ఎక్కువే పీల్చచ్చు. అప్పుడు అదే సిలిండర్ 22 నిమిషాలు. అసలు అంత రొప్పుతున్నప్పుడు నోట్లోంచి ఒక మౌత్‌పీస్ తీసి ఇంకోటి పెట్టుకోవడమే చాలామందికి చేతకాదు, ఆ ఒక్క ఊపిరి ఆపలేరు. ఫిబ్రవరి ప్లాన్‌లో బెయిలౌట్ సిలిండర్లు, అంటే రీబ్రీదర్ చెడితే బయటపడటానికి పెట్టుకునే మామూలు సిలిండర్లు ఎన్ని, ఏ రేటుతో లెక్క వేశాడో కాగితం అడగండి.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన సంగతి. అతను రెండోది కూడా చేశాడు, అచ్చం అలాంటిదే. ప్రేమతో చేశాడు, అందులో అనుమానం లేదు. అయితే ఇద్దరూ ఒకే కోడ్, ఒకే బ్యాచ్ సెన్సర్లు, ఒకే ప్రింటర్ డబ్బా, ఒకే హాస్పిటల్ సోడా లైమ్ వేసుకుని దిగితే, ఒకరికి వచ్చిన లోపం రెండోవాళ్లకీ అదే గంటలో, అదే దూరంలో వస్తుంది. తోడు డైవర్ ఉండేది దేనికి? నా దగ్గర లేనిది నీ దగ్గర ఉంటుందని. ఇక్కడ ఇద్దరి దగ్గరా ఒకే లోపం ఉంటుంది. ప్రయోగం తెలిసినవాళ్లు చేసే పద్ధతి చూడండి. థాయిలాండ్ గుహలో 2018లో పిల్లల్ని కాపాడిన ఆస్ట్రేలియా డాక్టర్ రిచర్డ్ హారిస్, 2023 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని పియర్స్ రిసర్జెన్స్ గుహలో 230 మీటర్ల లోతుకు దిగి రీబ్రీదర్‌లో హైడ్రోజన్ పీల్చాడు. వినడానికి ఇంతకన్నా పిచ్చి పని ఉండదు. కానీ ఆయన పక్కన దిగిన క్రెయిగ్ చాలెన్ హైడ్రోజన్ ముట్టలేదు, ఎప్పుడూ వాడే గ్యాస్‌తోనే దిగాడు. కొత్తదనం ఒకే మనిషి మీద, ఒకే విషయంలో. అదీ ఏళ్ల తరబడి తెలిసిన గుహలో, పెద్ద టీమ్‌తో, ముందు ఎంతో చదువుకుని. థాయిలాండ్‌లోనూ అంతే, ముఖానికి మాస్కు బిగించి పిల్లల్ని ఎలా తేవాలో ముందు ఒక స్కూల్ పూల్‌లో అక్కడి పిల్లలతో రిహార్సల్ చేసి చూశారు.

చిన్న మార్పు ఎంత పని చేస్తుందో చెప్పడానికి డేవిడ్ షా సంగతి చాలు. ఆయన విమాన పైలట్, పద్ధతి తప్పని మనిషి. 2005 జనవరి 8న దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్‌లో 270 మీటర్ల లోతులో, పదేళ్ల కింద అక్కడే చనిపోయిన కుర్రాడి శవం తీసుకురావడానికి దిగాడు. ఈసారి తలకి కెమెరా ఉన్న హెల్మెట్ పెట్టుకున్నాడు. చేతి లైట్‌ని మామూలుగా మెడ చుట్టూ వేసుకునే అలవాటు, హెల్మెట్ వల్ల ఆ రోజు కుదరలేదు, లైట్ పక్కన వేలాడింది, తాడు దానికి చుట్టుకుంది. విడిపించుకునే పెనుగులాటలో ఊపిరి వేగం పెరిగింది. అంత లోతులో గ్యాస్ చిక్కగా ఉంటుంది, ఎంత రొప్పినా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు. తిరిగి రాలేదు. రీబ్రీదర్ పాడవలేదు, కొత్తగా వచ్చింది ఒక కెమెరా. మీ ఫిబ్రవరి ట్రిప్‌లో కొత్తగా వచ్చేవి ఎన్నో లెక్కపెట్టుకోండి.

"ప్రతిదీ ఒకప్పుడు ప్రయోగమే కదా" అనే మాట కూడా వస్తుంది, రెడీగా ఉండండి. 2023 జూన్‌లో నీటి పీడనానికి లోపలికి నలిగిపోయిన టైటాన్ జలాంతర్గామి గురించి మన టీవీలన్నీ వారం రోజులు చెప్పాయి. అది అంతకుముందు 2021, 2022లో టైటానిక్ దాకా వెళ్లి వచ్చింది కూడా. వెళ్లి వచ్చిన ప్రతిసారీ అది సేఫ్ అని రుజువైనట్టు కనిపించింది, లోపల కార్బన్ ఫైబర్ మాత్రం అరుగుతూనే ఉంది. పూల్‌లో ఏమీ కాలేదన్న మాట నాకు అలాగే వినిపిస్తుంది.

మరి అతను ఏడాదిన్నర కష్టం చెత్తబుట్టలో వేసుకోవాలా? అక్కర్లేదు. అతను చేసినవాటిలో నాకు నిజంగా ఆసక్తి ఉన్నది బోర్డు. డబ్బా, సోడా లైమ్ గది, ఊపిరి సంచులు పక్కన పెట్టి, పరీక్షలు పాసైన పాత కంపెనీ యూనిట్ సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి చూసుకోమనండి, ఖర్చే, కానీ సగమైనా తగ్గుతుంది. దాని మీద తన బోర్డుని పెట్టి, వాల్వ్ తీగ కలపకుండా, కేవలం చూసి రాసుకునే పని ఇమ్మనండి. ఆక్సిజన్ పోసేది కంపెనీ బోర్డే, అతని బోర్డు పక్కన కూర్చుని "నేనైతే ఇప్పుడు పోసేదాన్ని" అని లాగ్‌లో రాసుకుంటుంది. ఒక సీజన్ మొత్తం అండమాన్‌లోనో నేత్రాణిలోనో, తలపైన ఖాళీ నీళ్లు తప్ప ఇంకేమీ లేని చోట, రెండు లాగ్‌లూ పోల్చి చూస్తే ఎక్కడ తేడా వస్తుందో తెలుస్తుంది. ఆ తేడాల్లోనే అతని అసలు డిజైన్ పని మొదలవుతుంది. నిజమైన ఇంజినీరైతే ఈ ఆలోచనకి కళ్లు మెరుస్తాయి. ఇంకా ఒక పని, దాన్ని పాడుచేయడమే పనిగా పెట్టుకున్న మూడో మనిషికి ఇవ్వమనండి, అది మీరు కాకూడదు, బంధువు అస్సలు కాకూడదు. మొహమాటం ఉన్నవాడు సరిగ్గా పాడుచేయలేడు.

ఎలా చెప్పాలి అన్నారు. ఆదివారం భోజనాల దగ్గర, మీ అత్తగారి ముందు మాత్రం వద్దు. అక్కడ అతను వెనక్కి తగ్గలేడు, మీరు గట్టిగా మాట్లాడలేరు. ఇద్దరూ బయటికి వెళ్లి కూర్చున్నప్పుడు ముందు మీ నిర్ణయం చెప్పేయండి. "ఫిబ్రవరిలో నేను మామూలు సిలిండర్లతోనే డైవ్ చేస్తాను, నువ్వు కూడా గుహలో అలాగే చెయ్యి, లేదంటే ఆ డైవ్‌కి నేను దిగను." వాదన అందులో లేదు, కాబట్టి వాదించడానికీ ఏమీ ఉండదు. అతను "నమ్మకం లేదా" అంటే, గుహ డైవింగ్ కోర్సులో మీకు నేర్పిన రూలు గుర్తు చేయండి. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా డైవ్ ఆపేయచ్చు, కారణం చెప్పక్కర్లేదు, ఎదుటివాళ్లు అడక్కూడదు. ఆ రూలు ఉన్నదే ఇలాంటి బావా బావమరుదుల కోసం. మీ మీద కోపం వస్తే రానివ్వండి, రెండు వారాలు ఫోన్ చేయడు, తర్వాత తనే చేస్తాడు. అప్పుడు బోర్డు ఆలోచన చెప్పండి, మొదటి రోజే చెప్తే అది ఓదార్పులా వినిపిస్తుంది.

ఒకవేళ అతను మొండికేసి తనొక్కడే అది వేసుకుని దిగుతానంటే? మీరు పక్కన మామూలు సిలిండర్లతో దిగి "వాణ్ని చూసుకుంటా" అనుకోకండి. గుహలో స్పృహ తప్పిన మనిషిని లాక్కురావడం సినిమాల్లో తేలిక. మీ గాలిని మూడు వంతులు చేసి, ఒక వంతు లోపలికి, ఒక వంతు బయటికి, ఒక వంతు అవసరానికి అని పెట్టుకునే లెక్క, మీరూ మీ తోడూ ఇద్దరూ మామూలుగా ఊపిరి పీలుస్తున్నారన్న నమ్మకం మీద వేసింది. అక్కడ గైడ్‌కి కూడా ఈ సంగతి ముందే చెప్పి తీరాలి, చెప్పకుండా అతన్ని మీతో దింపడం అన్యాయం. చెప్తే చాలామంది గైడ్లు అక్కడికక్కడే కాదంటారు, ఒక రకంగా మీ పని వాళ్లే చేసిపెడతారు.

చేతిలో ఉన్న ఆ రెండో యూనిట్ తిరిగి ఇచ్చేయండి, ఇంట్లో అలమారలో పెట్టుకోకండి. ఇచ్చే ముందు మూడు సెన్సర్ల మీద ఉన్న తేదీలు ఒకసారి ఫొటో తీసుకోండి. అవన్నీ ఒకే నెలవైతే బ్యాచ్ గురించి నేను పైన చెప్పింది అతనికి చూపించడానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఇక మీ ఆవిడ. చెప్పాలి. ఈ వారమే. ఆవిడకి అటు మొగుడు, ఇటు తమ్ముడు, ఇద్దరూ ఒకే గుహలోకి వెళ్తున్నప్పుడు ఆవిడకే తెలియకపోవడం ఏం బాగుంటుంది. కాకపోతే "మీ తమ్ముడు ఏం చేశాడో చూశావా" అని మొదలుపెట్టకండి, అక్కడితో అసలు విషయం పక్కకు పోతుంది. "నేను వాడు చేసిన రీబ్రీదర్ వేసుకోవట్లేదు, వాడికీ చెప్పాను" అని మీ నిర్ణయంతో మొదలుపెట్టి, ఆవిడ అడిగినదానికి మాత్రం దాచకుండా చెప్పండి. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి ఏం మాట్లాడుతుంది, వాళ్లమ్మకి చెప్తుందా లేదా అనేది అక్కాతమ్ముళ్ల వ్యవహారం, అందులో మీరు వేలు పెట్టకండి.